పుత్రజీవి పూసలు

సాయంత్రమైతే చాలు, ప్రశాంతికి కాళ్ళు లాగేస్తాయి. పొద్దున్నుంచి తోటలో తిరిగిన తిరుగుడంతా పిక్కల్లోకి దిగుతుంది. అప్పటికి గేటు బయట హైటెక్ సిటీ వైపు నుంచి హారన్ల మోత మొదలవుతుంది. మెడలో ఐడీ కార్డులు కూడా తీయకుండా వాకింగ్‌కి వచ్చినవాళ్ళు ఫోన్లో మీటింగులు మాట్లాడుకుంటూ చెట్ల మధ్య నడుస్తుంటారు. ఏ చెట్టు కింద నడుస్తున్నారో వాళ్ళకి తెలీదు, పట్టదు కూడా. పట్టించుకుంటారన్న ఆశ ప్రశాంతి ఎప్పుడో వదిలేసింది.

ఆ బొటానికల్ గార్డెన్‌లో ఆమె ఉద్యోగం మన నేల చెట్లన్నిటినీ ఒకచోట చేర్చి పెంచడం. నల్లమద్ది, ఏగిస, ఇప్ప, తునికి, అందుగు... ఏ జాతి ఏ అడవిలో ఉందో వెతికి, గింజ తెచ్చి, మొలిపించి, బతికించి, పేరు రాసిన రేకు తగిలించాలి. చెప్పడానికి ఎంతసేపు? తెచ్చిన గింజ మొలవదు. మొలిచినదాన్ని చెదలు తింటాయి. చెదల్ని తప్పించుకున్నది ఎండకి మాడుతుంది. అన్నీ దాటి నిలబడ్డ మొక్కకి ఎవడో ఆనుకుని సెల్ఫీ దిగుతాడు. పదేళ్ళుగా ఇదే బతుకు.

గింజతో రానివి లారీల మీద వస్తాయి. గచ్చిబౌలి అవతల ఎక్కడో అద్దాల బిల్డింగుకి పునాది తవ్వుతారు, అడ్డంగా ఓ చెట్టు ఉంటుంది, నరికితే గొడవని వేళ్ళతో సహా లేపి ఇక్కడికి తోలేస్తారు. అలా వచ్చినవాటిలో సగానికి సగం చస్తాయి. బతకాలంటే ఒక్కటే దారి. వేళ్ళని పట్టుకుని వచ్చిన మట్టిముద్ద చెదరకూడదు. గోనెపట్టా చుట్టి ఎలా తెచ్చారో అలాగే గోతిలో దించాలి. మట్టి రాలిందా, సన్నవేళ్ళు తెగి చెట్టు నెల తిరక్కుండా ఎండిపోతుంది. ఈ మాట కూలీలకి చెప్పీ చెప్పీ ప్రశాంతి నోరు అరిగిపోయింది.

పుత్రజీవి చెట్టు అలాగే వచ్చింది, రెండేళ్ళ కిందట, ముసురులో. ఆమె ఎన్నాళ్ళుగానో వెతుకుతున్న జాతి. ముదురాకుపచ్చ ఆకులు, కిందికి వాలిన కొమ్మలు. క్రేన్ దాన్ని దించుతుంటే గోనెపట్టా ఒక పక్క చిరిగి ఇంత మట్టి రాలింది. లోపల ఏదో పసుపుపచ్చగా కనిపించింది. నర్సరీలో మట్టి కలుపుతూ, అక్కడే రేకుల గదిలో ఉండే కమలమ్మ వంగి చూసింది.

ఇత్తడి ఉగ్గుగిన్నె. పసిపిల్లల నోట్లో ఉగ్గు పోసే, ముక్కున్న చిన్న గిన్నె. వేళ్ళు దాన్ని చుట్టూ పట్టుకుని ఉన్నాయి. దాని పక్కన మట్టిలో సన్నగా, తెల్లగా ఇంకేవో ఉన్నాయి. అవి వేళ్ళు కావు.

చచ్చిపోయిన పసిపిల్లల్ని కాల్చరు, పాతిపెడతారు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. తీసేద్దామా మేడం అని కమలమ్మ మెల్లిగా అడిగింది. తీస్తే వేళ్ళు తెగుతాయి, చెట్టు పోతుంది. ప్రశాంతి వద్దంది. చిరిగినచోట తన చేత్తోనే తడిమట్టి మెత్తి, అలాగే దించమంది. ఇంకెవరైనా అయితే ఆగి ఆలోచించేవాళ్ళేమో. చెట్లు పెంచేవాళ్ళకి మాత్రం ముందు చెట్టే కనిపిస్తుంది, ఏం చేస్తాం.

ఆ ఏడు లారీల మీద వచ్చినవాటిలో అదొక్కటే బతికింది.

ఇక ఇంటి సంగతి. నిజాంపేటలో రెండు గదుల అపార్ట్‌మెంటు. భర్త కిరణ్ పాల్ అమెరికా టైముకి పనిచేస్తాడు కాబట్టి ఆమె లేచే వేళకి అతను పడుకుంటాడు. నాలుగేళ్ళ షారోన్‌ని చూసుకునేది అత్తగారు ఎలిజబెత్. జీడిమెట్లలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. షారోన్‌కి పాలంటే పడదు, గ్లాసు చూస్తే మంచం కిందికి దూరుతుంది. తల్లిని "మమ్మీ" అని చివర సాగదీసి పిలుస్తుంది. హాయిగా అమ్మా అనొచ్చు కదే అని నానమ్మ పోరితే, కావాలని ఇంకాస్త సాగదీస్తుంది.

ఆ పిల్లకి జ్వరం. వస్తుంది, నాలుగు రోజులు కాల్చేస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. ఎక్కని హాస్పిటల్ మెట్టు లేదు. వైరల్ అన్నారు, ఇంకేదో అన్నారు, చివరికి రక్తం తీసి తీసి పిల్ల చేతులు నల్లబడ్డాయి. ఎలిజబెత్ మోకాళ్ళ మీద ప్రార్థన చేసేది. పాస్టరుగారు వచ్చి నూనె రాసి వెళ్ళేవారు. ప్రశాంతి రాత్రంతా తడిగుడ్డ వేసి, తెల్లారాక తోటకెళ్ళి, మధ్యాహ్నం స్టోర్ రూములో ఎరువు బస్తాల మీద కూలబడి నిద్రపోయేది. ఏడవడానికి కూడా ఓపిక ఉండేది కాదు. పిల్ల బతికితే చాలు, ఇంకేమీ వద్దు అనుకునేది.

ఈ ఏడు చలికాలం చివర పుత్రజీవి కాసింది.

కాయకూడదు. ఈ జాతిలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. మగ చెట్టు పుప్పొడి అందితేనే ఆడది కాస్తుంది. తోటలో ఉన్నది ఇదొక్కటే. చుట్టుపక్కల కాలనీల్లో, క్యాంపసుల్లో వెతికింది, మరొకటి కనబడలేదు. గాలికి ఎక్కడ్నుంచో వచ్చి ఉంటుందిలే అని తనకి తానే సర్దిచెప్పుకుంది. అలిసిపోయిన మనిషికి అంతకన్నా ఆలోచించే ఓపిక ఎక్కడిది?

ఆ గింజల్ని దండ గుచ్చి పిల్లల మెడలో వేస్తే రోగాలు రావని పాతకాలం నమ్మకం. చెట్టు పేరే దాన్నిబట్టి వచ్చింది. కమలమ్మ తన పిల్లలందరికీ కట్టిందట, ఒక్కరికీ ఏమీ కాలేదట. తోటలో మాత్రం ఒక కట్టుబాటుంది. ఏ చెట్టయినా మొదటిసారి కాస్తే ఆ గింజలు మట్టికే పోవాలి, నర్సరీలో వేసి మొక్కలు చేయాలి, ఒక్కటి కూడా బయటికి పోకూడదు. ఆ కట్టుబాటు పెట్టింది ప్రశాంతే. దాన్ని దాటిందీ ప్రశాంతే. ఒక గుప్పెడు గింజలు హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. మిగతావి నారుమళ్ళో వేస్తే ఒక్కటీ మొలవలేదు.

కాల్చిన దబ్బనంతో గింజల్ని ఈ చివర నుంచి ఆ చివరికి పొడిచి, నల్లదారానికి గుచ్చి పిల్ల మెడలో వేసింది. ఏంటమ్మా ఇది, తాయెత్తా అని అత్తగారు మొహం చిట్లించింది. తోటకొచ్చే బడిపిల్లల కోసం చేసిన దండ అత్తయ్యా అని చెప్పింది.

ఆ రోజుతో జ్వరం పోయింది. మళ్ళీ రాలేదు. పిల్ల బుగ్గల్లోకి రంగొచ్చింది. దేవుడే పిల్లని బాగుచేశాడని ఎలిజబెత్ చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. ప్రశాంతి తల వంచుకుని కూర్చుంది.

కొన్నాళ్ళకి, పడుకోబెడుతుంటే షారోన్ చెప్పింది, పాప తన దండ పట్టుకుని లాగుతోందని. ఏ పాప అని అడిగితే పళ్ళు రాని పాప అంది. మంచం కింద పాకుతోందట. కలలే అనుకుంది ప్రశాంతి. ఎండలు ముదిరేసరికి పాప మంచంకోడు పట్టుకుని నిలబడుతోందట. ఇంకొన్నాళ్ళకి నడుస్తోందట. షారోన్ ఇదంతా భయం లేకుండా, పక్కింటి పిల్ల సంగతి చెప్పినట్టు చెప్పేది.

"ఇప్పుడు మాటలు నేర్చుకుంటోంది మమ్మీ," అంది జూన్‌లో ఒకరోజు. "నేను ఏమంటే అదే అంటోంది."

ఆ వారమే వానలు మొదలయ్యాయి. తల దువ్వుతూ పిల్ల జుట్టు పైకెత్తిన ప్రశాంతి చెయ్యి ఆగిపోయింది.

గింజలు మొలకెత్తాయి.

దబ్బనంతో పొడిచిన గింజ. లోపల పప్పు కాలిపోయిన గింజ. నెలల తరబడి ఎండిన గింజ. అది మొలవదు, మొలిచే వీల్లేదు. పదేళ్ళుగా గింజలతో బతుకుతున్న ఆమెకి ఆ సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు. ప్రతి గింజ నుంచీ తెల్లటి వేరు ఒకటి బయటికొచ్చింది. బయటి వైపుకి కాదు... లోపలికి. పిల్ల మెడ వైపుకి. ఒకటి చర్మానికి అంటుకుంది. లాగితే చర్మం కూడా లేచింది.

బాత్‌రూములోకి తీసుకెళ్ళి కత్తెరతో దారం తెంచింది. తెగీ తెగగానే పిల్ల కళ్ళు తేలేసింది. ఒళ్ళు పెనంలా కాలిపోయింది, చేతిలో వాలిపోయింది. ప్రశాంతి తెగిన దారం మళ్ళీ ముడేసింది. షారోన్ కళ్ళు తెరిచింది. ఒళ్ళు చల్లబడింది. ఏమైంది మమ్మీ అని అడిగింది.

మర్నాడు కమలమ్మతో అంతా చెప్పుకుంది. ఇంకెవరితో చెప్తుంది? కిరణ్ నవ్వుతాడు, అత్తగారు తిడుతుంది. కమలమ్మ మట్టి కలపడం ఆపేసింది.

"అవి ఆ పాపవి మేడం. మనం అడగకుండ తెచ్చుకున్నం," అంది. "మీ పాప చేతులతోనే మల్ల ఇచ్చేయాలె. ఇచ్చినంక ఎనుకకు తిరిగి సూడొద్దు. ఎవరు పిలిచినా సూడొద్దు. నాకు ఎర్కున్నది గంతే."

తను మాత్రం ఆ చెట్టు దగ్గరికి రానంది. ప్రశాంతి బతిమాలలేదు.

ఆదివారం సాయంత్రం అత్తగారు చర్చిలో స్త్రీల కూటానికి వెళ్ళింది. ప్రశాంతి షారోన్‌ని స్కూటీ మీద ఎక్కించుకుని తోటకి తీసుకెళ్ళింది. అప్పుడే గేటు మూసే వేళ. మబ్బు కమ్మి ముందే చీకటి పడింది. సెక్యూరిటీ అతను ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే సలాం కొట్టాడు. లోపల దారి లైట్లు వెలగలేదు. గోడ అవతలి టవర్ల వెలుతురు ఆకుల మధ్య నుంచి కాస్త కాస్త పడుతోంది. వాన సన్నగా మొదలైంది. మద్ది చెట్లు దాటారు. తునికి చెట్లు దాటారు. కప్పలు అరుస్తున్నాయి, దూరంగా ట్రాఫిక్ రొద వినిపిస్తూనే ఉంది.

పుత్రజీవి కిందికి రాగానే కప్పల అరుపు ఆగిపోయింది.

తడిమట్టి వాసనలో ఇంకో వాసన ఉంది. ప్రశాంతి గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. పసిపిల్లలకి మాటలు రావాలని రాయి మీద అరగదీసి నాలుకకి రాస్తారే, వస కొమ్ము... ఆ వాసన. అప్పుడే అరగదీసినంత తాజాగా.

మోకాళ్ళ మీద కూర్చుని తవ్వబోయింది. తవ్వే పని పడలేదు. గిన్నె పైనే ఉంది. వేళ్ళ మధ్య, ఎవరో రోజూ తోమిపెడుతున్నట్టు తళతళ మెరుస్తూ.

ప్రశాంతి కత్తెర తీసి దారం తెంచింది. కూతురి మొహం వైపు చూసింది. ఈసారి పిల్లకి ఏమీ కాలేదు. నిలబడే ఉంది.

"నీ చేత్తో ఇందులో పెట్టు నాన్నా," అని గుసగుసగా చెప్పింది.

షారోన్ పెట్టింది. గిన్నెలో పూసలు చప్పుడు చేయలేదు.

"పాప ఇక్కడే ఉంది మమ్మీ."

"ఎక్కడ?"

"నీ వెనక."

ప్రశాంతి తిరగలేదు. మట్టి కప్పాలి, అంతే, మట్టి కప్పేసి వెళ్ళిపోవాలి. అందుకు రెండు చేతులూ కావాలి. పిల్ల చెయ్యి వదిలింది. గబగబా మట్టి లాగింది. ఆకులు లాగింది. అంతలో గోడ అవతల టవర్లలో కరెంటు పోయింది. మొత్తం ఒక్కసారిగా... కళ్ళు పొడుచుకున్నా ఏమీ కనపడని చీకటి.

"షారోన్... చెయ్యి ఇవ్వు."

చిన్న చెయ్యి ఆమె చేతిలోకి వచ్చింది. వానకి చల్లబడి ఉంది. మట్టి అంటుకుని ఉంది. గట్టిగా పట్టుకుంది ప్రశాంతి. లేచింది. నడిచింది. నాలుగడుగులు వేసిందో లేదో...

"మమ్మీ..."

వెనక నుంచి. చెట్టు దగ్గర్నుంచి. చివర సాగదీసి.

ప్రశాంతి ఆగిపోయింది. నేను ఏమంటే అదే అంటోంది, అన్న మాట గుర్తొచ్చింది. ఎవరు పిలిచినా సూడొద్దు, అన్న మాట గుర్తొచ్చింది. ప్రభువా, ప్రభువా అనుకుంటూ మెడ బిగబట్టుకుంది. చేతిలో ఉన్న చెయ్యి ఆమె వేలు పట్టుకుని ముందుకి లాగింది.

"మమ్మీ... నేను ఇక్కడున్నా..."

ఏడుస్తోంది. పరిగెత్తుతున్న చప్పుడు. పడిన చప్పుడు. మళ్ళీ ఏడుపు. అచ్చం తన పిల్ల ఏడుపే. ఏ తల్లికైనా ప్రాణం విలవిల్లాడిపోయే ఏడుపు. ప్రశాంతి తిరగలేదు. ఏడుస్తూ, తిట్టుకుంటూ, పిల్లని ఎత్తుకుని పరిగెత్తింది. మద్ది చెట్లు దాటాక ఆ గొంతు వినపడలేదు. గేటు దాటేసరికి లైట్లొచ్చాయి.

స్కూటీ మీద దారి పొడవునా షారోన్ ఒక్క మాట మాట్లాడలేదు. మామూలుగా అయితే ప్రతి సిగ్నల్ దగ్గరా వంద ప్రశ్నలు అడుగుతుంది. భయపడింది పాపం అనుకుంది ప్రశాంతి. వెనక నుంచి నడుము చుట్టూ వేసిన చేతులు మాత్రం ఎక్కడా సడలలేదు. ఇంటికెళ్ళి వేన్నీళ్ళు పోసి, మెడ వెనక చూసింది. మచ్చ కూడా లేదు. నుదురు చల్లగా ఉంది. పక్కన పడుకుని చెయ్యి వేస్తే పిల్ల ఒదిగి పడుకుంది. ప్రశాంతి ఆ రాత్రి మొద్దులా నిద్రపోయింది. అంత నిద్ర పోయి ఎన్నేళ్ళయిందో ఆమెకే తెలీదు.

పొద్దున్న అత్తగారి నవ్వుకి మెలకువ వచ్చింది. వంటగదిలో గట్టు మీద కూర్చుని షారోన్ పాలు తాగుతోంది. గ్లాసు రెండు చేతులా పట్టుకుని, గుటకలేస్తూ, చుక్క మిగలకుండా. చూశావా నీ కూతుర్ని, రెండో గ్లాసు అడిగి మరీ పోయించుకుంది, ఆయన దయ కాకపోతే ఏంటి అని ఎలిజబెత్ మురిసిపోతోంది. ప్రశాంతి గుమ్మం పట్టుకుని చూస్తూ నిలబడింది. మెల్లగా నిద్రమత్తంతా దిగిపోయింది.

ఫోన్ మోగింది. కమలమ్మ.

"మేడం..." గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది. "రాత్రంత రేకుల మీద వాన, నాకు ఏం ఇనవడలే. ఇప్పుడు మనసాగక పొయ్యి సూస్తె... ఆ చెట్టు కాడ ఎవరో పిల్ల ఏడుస్తున్నది. మమ్మీ, మమ్మీ అంటున్నది. అంత తిరిగి సూసిన మేడం. ఎవ్వరు కనవడ్తలేరు."

ప్రశాంతి ఫోన్ పెట్టేసింది. స్కూటీ తాళాలు ఎక్కడున్నాయో వెతకడానికి చుట్టూ చూసింది. తాళాలు వంటగది గట్టు మీదే ఉన్నాయి, పిల్ల పక్కన. తీసుకోబోతే చిన్న చెయ్యి వచ్చి వాటి మీద పడింది.

పాలమీగడ అంటిన పెదాలు తుడుచుకుని, ఆ పిల్ల ఆమె కళ్ళలోకి చూసింది.

"వెళ్ళొద్దమ్మా," అంది నెమ్మదిగా. "వెనక్కి చూడకూడదుగా."

ఆ మాట కమలమ్మ చెప్పినప్పుడు షారోన్ అక్కడ లేదు. నానమ్మ మాత్రం సంబరంగా, ఇన్నాళ్ళకి అమ్మా అంది చూశావా అంటూ మూడో గ్లాసు పాలు పోస్తోంది.